మూడు ఇంటూ గుర్తులు

5 ఫిబ్రవరి 2004, గురువారం

వీసాలు పడి పాస్‌పోర్టులు తిరిగి వచ్చాయి. మావి రెండు, రత్న వాళ్ళవి రెండు. నాలుగూ నా దగ్గరే ఉంచమన్నారు ఆయన. ప్లాస్టిక్ కవరులో పెట్టి, నంబర్లు ఈ పుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను.

ఎరువుల కంపెనీ పెట్టిన టార్గెట్టు మా షాపు దాటిందట. అందుకే కంపెనీ ఖర్చుతో సింగపూరు. డీలర్లు, వాళ్ళ భార్యలు. ఈ కరువులో ఎలా దాటిందంటే, రత్న భర్త ఓబుళేసన్న బత్తలపల్లె చుట్టుపక్కల రైతులందరికీ అప్పు మీద బస్తాలు ఎత్తించాడు కాబట్టి. ప్రయాణం దానివల్లే. ఆ అప్పులు వసూలు కాక ఇంట్లో ఆయన ముఖం మాడిపోయి ఉండడం కూడా దానివల్లే.

రత్న ఫోను. "అక్కా, ఆడ చీరలేనా, వేరేవి ఏమన్నా కట్టుకోవల్లా?" చీరలే అన్నాను.

7, శనివారం

మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆయన ఒక కవరు తెచ్చి నా ముందు పెట్టారు.

బాండు పేపర్లు. మూడు. తెలుగులోనే టైపు చేయించారు, సన్నటి అక్షరాలు. "రత్నమ్మ అను నేను నా ఇష్టపూర్వకముగా..." షాపులో తన వాటా వదులుకుంటున్నట్టు. రావలసినదంతా ముట్టినట్టు. తేదీ దగ్గర ఖాళీ.

షాపు పేరు మా ఇద్దరిదీ, సరోజ రత్న ట్రేడర్స్. లైసెన్సు, వాటాలు అన్నీ మా పేర్ల మీదే. నడిపేది మగవాళ్ళు. కాబట్టి రత్న సంతకం ఒక్కటి ఉంటే చాలట, లాయరు చెప్పాడట.

బుధవారం పొద్దంతా అక్కడి హోటల్లో డీలర్ల మీటింగు. ఆడవాళ్ళను బస్సులో ఊరు చూపించడానికి తీసుకుపోతారు. "ఆ పొద్దు ఓబుళేసు నా పక్కనే ఉంటాడు. నువ్వు పెట్టమంటే పెడ్తాది. అడగదు."

మూడూ చదివాను. ఆయనే మళ్ళీ... "వానికి బాకీ అడిగే నోరు ల్యా. ఇంకో రెండేండ్లు వానితో ఉంటే ఇద్దరమూ మునుగుతాం."

అది అబద్ధం కాదు. నాకూ తెలుసు. ఆ మాట ఓబుళేసన్నకే చెప్పొచ్చు కదా అన్నాను. చెబితే ఊరందరినీ పిలిచి పంచాయితీ పెడతాడన్నారు.

గుర్తులు పెట్టు, మర్చిపోతావు అన్నారు. పెన్సిలు తీసుకుని పెట్టాను. మూడు పేజీలకు మూడు ఇంటూ గుర్తులు.

పన్నెండేళ్ళుగా ఇదే పని. సేల్స్ టాక్సు, బ్యాంకు, లైసెన్సు రెన్యువలు, ఏ కాగితమైనా ముందు నేను చదువుతాను, రత్న పెట్టాల్సిన చోట ఇంటూ గుర్తు పెడతాను, ఆమె వచ్చి దాని మీద సంతకం చేస్తుంది. ఆమె చదివింది మూడో తరగతి. సంతకం నేర్పింది కూడా నేనే, మా వంటింటి అరుగు మీద, సుద్దముక్కతో.

చేయి ఆగలేదు. అలవాటు.

9, సోమవారం

సర్దిన లిస్టు: చీరలు 4, జ్వరం మాత్రలు, పులిహోర పొడి, జొన్నరొట్టెలు ఎండబెట్టినవి 12, వేరుశనగ పొడి, పెన్ను, పెన్సిలు, ఈ పుస్తకం. కవరు హ్యాండుబ్యాగు లోపలి జిప్పులో.

బెంగుళూరు బస్సు. సోమందేపల్లెలో టీకి ఆపారు. మగవాళ్ళు దిగారు. రత్న నా చెవి దగ్గరికి వంగి, "బావ మొగం ఏంటికక్కా అట్లుండాది? మా ఆయనతో నాలుగు దినాలుగా మాట్లాడల్యా."

కడుపులో బాగలేదట అన్నాను.

తన సంచిలోంచి వాము డబ్బా తీసి కిటికీలోంచి ఆయనకు అందించింది. ఆయన తీసుకున్నారు. తిన్నారు కూడా.

10, మంగళవారం

సింగపూరు. పదమూడో అంతస్తు. కుళాయి నీళ్ళే తాగొచ్చట, రోజంతా వస్తాయట. రత్న మూడుసార్లు తిప్పి చూసి, మూడుసార్లూ గట్టిగా కట్టేసింది. బకెట్టు లేదని బెంగ. పట్టి పెట్టుకోకపోతే ఆమెకు నిద్ర పట్టదు.

11, బుధవారం, ఉదయం 6:30

ఆయన షూ వేసుకుంటూ, "ఈ పొద్దే" అన్నారు. అంతే.

బస్సులో, 9:15

పద్దెనిమిది మంది ఆడవాళ్ళు. గైడు తమిళామె, తెలుగు కొంచెం వచ్చు. రత్న కిటికీ పక్కన. బ్యాగు నా ఒళ్ళో, రెండు చేతులూ దాని మీద. "ఎవురూ ఎత్తుకపోర్లే అక్కా, అట్ల పట్టుకోని కూచ్చుంటే చూసేదెట్ల?"

రోడ్డు మీద ఒక్క కాగితం ముక్క లేదు. చెట్లకు కూడా దుమ్ము లేదు. ఉమ్మితే జరిమానా అని గైడు చెప్పింది. రత్న నోట్లో వక్కపొడి ఉంది. మింగేసింది. నవ్వు రావలసింది.

సాయంత్రం 5:40, హోటల్

రత్న తన గదికి స్నానానికి పోయింది. మగవాళ్ళు ఇంకా కింద మీటింగులో. జరిగింది జరిగినట్టు వరసగా రాయాలి.

ముందు పిట్టల తోట. తర్వాత సముద్రం ఒడ్డున తెల్లటి బొమ్మ, సింహం తల, చేప ఒళ్ళు. నోట్లోంచి నీళ్ళు లావుగా, ఆగకుండా. రత్న చాలాసేపు చూసింది. "ఇది ఎప్పుడు కట్టేస్తారంట?" కట్టరట అన్నాను. "మన సింగనమల చెరువులో నిలబెడ్తే సాలు గదా, నెల దినాల్లో నిండి పొంగి మరవ పోతాది."

ఆ బొమ్మ ముందు ఇద్దరికీ తన కెమెరాలో ఫోటో తీయించింది గైడుతో. దీన్ని పెద్దది చేయించి షాపులో పెడుతుందట. "మన పేర్లుండాయి, మనం కూడా ఉండల్ల గదా."

అక్కడే గట్టు మీద కూర్చుని, ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పింది. "నన్ను బడి మానిపిచ్చినానని మా నాయనకు శానా బాధ. షాపు బోర్డు పెట్టినపొద్దు వచ్చి, దాని కింద నిలబడుకోని, నా పేరు ఒక్కో అక్షరం నాతో చదివిచ్చుకున్నాడు. ఎండలో. చెప్పులు కూడా ల్యాకుండా."

అప్పుడే నిర్ణయించుకున్నాను. అడగను. పెట్టనంది అని ఆయనకు చెబుతాను. గుర్తులు చెరిపేద్దామనుకున్నాను కానీ రబ్బరు తెచ్చుకోలేదు. పెన్సిలు పెట్టుకున్నదాన్ని రబ్బరు మర్చిపోయాను. లిస్టులోనే లేదు.

మధ్యాహ్నం తీగ మీద పోయే డబ్బా ఎక్కించారు, సముద్రం పైన. నా కళ్ళు తిరిగాయి. రత్న నా తల తన భుజానికి ఆనించుకుని, కిందికి చూడొద్దు, నా గాజులు చూడు అంటూ కూర్చుంది. దిగగానే వాంతి. ముఖం కడుక్కోవడానికి పోతూ బ్యాగు ఆమె చేతికిచ్చాను. ఎవరికివ్వాలి ఇంకా?

లోపల క్యూ ఉంది. పది నిమిషాలు.

బయటికొచ్చేసరికి బెంచీ మీద కూర్చుని ఉంది. పెన్ను మూత పళ్ళ మధ్య. ఒళ్ళో బ్యాగు, బ్యాగు మీద ఆ కాగితాలు.

"పిప్పరమెంటు యాడన్నా ఉంటాదేమోనని వెతికితే ఇవి దొరికినాయి. బావ నీకు ఈడ కూడా పని చెప్పి పంపిచ్చినాడా? మూడుకాడా పెట్టేసినాలే."

చదివావా అని అడిగాను.

"యాడ చదివేది, కళ్ళజోడు రూములో ఉండాది." కాగితాలు జాగ్రత్తగా మడిచి కవరులో పెట్టి ఇచ్చింది. "నీ గుర్తు ఉండాది గదక్కా. ఇంగ చదివేదేముంది?"

చెప్పాలి. అక్కడే, ఆ బెంచీ మీద. నోరు తెరిచాను కూడా. ఆమె నా నోటికి నీళ్ళ సీసా అందించింది. తాగాను.

తర్వాత గాజు సొరంగంలో నడిపించారు, నెత్తి మీద చేపలు. రత్న ప్రతి చేపనూ వేలితో చూపించింది. నాకు ఒక్క చేపా గుర్తు లేదు.

అదే రోజు, రాత్రి 9:00

భోజనాల దగ్గర ఆయన దూరం నుంచి కళ్ళతో అడిగారు. తల అడ్డంగా ఊపాను. గదికొచ్చాక నోటితో అడిగారు. ఇంకా అడగలేదు, వీలు కాలేదు అన్నాను.

ఇరవై మూడేళ్ళ సంసారంలో ఆయనతో చెప్పిన మొదటి అబద్ధమని రాయబోయాను. కాదు. కానీ కాగితాల విషయంలో ఇదే మొదటిది.

కవరు ఇప్పుడు ఈ పుస్తకం వెనక అట్టలో ఉంది. ఆయన దీన్ని ముట్టుకోరు. పప్పు ఉప్పుల లెక్కలు అనుకుంటారు.

12, గురువారం

విమానం. నలుగురం ఒకే వరసలో. మగవాళ్ళు ఆ చివరా ఈ చివరా, మధ్యలో మేము. ఓబుళేసన్న లేచి నిలబడి, "ఏమప్పా, ఈసారి వానలు పడితే దుబాయికి పోదామా?" అని ఆయన్ను అడిగాడు. ఆయన నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నారు.

13, శుక్రవారం

ఇల్లు. నీళ్ళు రేపట. తొట్టిలో రెండు బిందెలు.

రబ్బరుతో ఇంటూ గుర్తులు చెరిపాను, సంతకాల సిరా చెదరకుండా, మెల్లగా. అయ్యాక దీపం దగ్గర పట్టి చూశాను. నా గుర్తులు పోయాయి. ఆమె సంతకాలు మూడూ శుభ్రంగా మిగిలాయి, ఎవరూ చెప్పకుండా తనంతట తానే పెట్టినట్టు. చెరపకుండా ఉండవలసింది.

14, శనివారం

రత్న ఫోటో కడిగించి, పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, తిన్నగా షాపుకే పట్టుకుపోయింది. వినాయకుడి పటం పక్కన మేకు కొట్టించి తగిలించిందట. ఆయన చెప్పారు. చెబుతూ అన్నం సగంలో లేచిపోయారు.

తప్పు చేస్తున్నామని ఆయనకూ ఉంది. ఉన్నా ఆగరు.

15, ఆదివారం

తెగేసి చెప్పారు. రేపు పది గంటలకు లాయరు దగ్గరికి. "నీ చేతగాకపోతే చెప్పు. కొత్త పేపర్లు రాపిచ్చి, షాపుకు పిలిపిచ్చి నేనే పెట్టిస్తా. నువ్వు పంపినావంటే సాలు, పెడ్తాది."

అంటే చింపి పొయ్యిలో వేసినా లాభం లేదు. మళ్ళీ పెడుతుంది. నా పేరు చెబితే ఏ కాగితం మీదైనా పెడుతుంది.

ఇస్తే: షాపు మాది. బాకీలు వసూలవుతాయి, కొన్నైనా. రత్నకు బోర్డు మీద పేరు పోతుంది. ఆ పేరు ఎలా పోయిందో ఏదో ఒక రోజు తెలుస్తుంది.

చెబితే: రత్న ఊరుకున్నా ఓబుళేసన్న ఊరుకోడు. వీధిలో నిలబడి అరుస్తాడు. ఆయన ముఖం నేను ఎలా చూడాలి. ఆయనకు నా ముఖం చూడాలని ఉంటుందా. రత్న మాత్రం... గుర్తులు ఎవరు పెట్టారక్కా అని అడుగుతుంది.

రెండు వైపులా రాసి చూశాను. ఏ వైపూ తేలలేదు.

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా ఫోను చేశాను. రేపు తొమ్మిదికి ఇంటికి రమ్మన్నాను, ఒక్కదాన్నే. వచ్చేటప్పుడు కళ్ళజోడు తెచ్చుకోమన్నాను.

"నువ్వుండావు గదక్కా, కళ్ళజోడు ఏంటికి?"

తెచ్చుకో అని మళ్ళీ చెప్పి పెట్టేశాను.

16, సోమవారం, 8:50

పొయ్యి మీద పాలు. ఆయన స్నానాల గదిలో, చెంబు చప్పుడు వినిపిస్తోంది. కాగితాలు హాల్లో బల్ల మీద పరిచాను, మూడూ, అక్షరాలు కుర్చీ వైపుకి. చెరిపిన చోట వేలు పెడితే పెన్సిలు గాడి ఇంకా తగులుతోంది. పైన పెన్సిలు పెట్టాను. అడిగితే ఆ గుర్తులు మళ్ళీ గీసి చూపిస్తాను.

గేటు తీసిన చప్పుడు.

కళ్ళజోడు తెచ్చిందో లేదో.