సీసం గుండు, రాగి గుండు

కనాటా (కెనడా), మీ కింది వాటా
21 అక్టోబర్ 2023, శనివారం

గౌరవనీయులైన సంతోషం అంకుల్ గారికి,

మీ బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న ఝాన్సీలక్ష్మి నమస్కారాలు. కింద నేను, నా రూమ్మేట్ సాత్విక క్షేమం. పైన మీరు క్షేమమేనని మీ దగ్గును బట్టి, కృపాబాయి ఆంటీ పాటను బట్టి తెలుస్తూనే ఉంది. ఒకే ఇంట్లో ఉండి ఉత్తరమేంటని నవ్వకండి. వాట్సాప్‌లో పెడితే నీలం టిక్కులు పడుతున్నాయి, జవాబు మాత్రం లేదు. గరాజ్‌లో ఎదురుపడితే మీరు చెత్తబుట్టతో మాట్లాడుతున్నారు.

ముందే చెప్తున్నా, ఇది క్షమాపణ పత్రం కాదు. థ్యాంక్స్‌గివింగ్ రోజు నేనన్న మాట తప్పు కాదు, అన్న తీరు తప్పు. నిరుడు మీరు వేటాడి తెచ్చిన జింక మాంసంతో ఆంటీ పొద్దున్నుంచి నిలబడి వండిన ఇగురు నా ప్లేట్లో పడగానే, ఇందులో సీసం ఉంది, ఎవరూ ముట్టుకోకండని అరిచాను. పిలిచిన స్టూడెంట్లందరూ ముద్ద చేతిలో పట్టుకుని బిక్కమొహాలు వేశారు. ముప్పై ఏళ్ళుగా ఇదే రైఫిలు, ఇదే గుండు, తిన్నవాళ్ళెవరూ పోలేదు, ఇప్పుడీ కరపత్రలక్ష్మి వచ్చి చెప్పాలా అని మీరు కుర్చీ తోసి లేచిపోయారు. పేరు బాగా కుదిరింది అంకుల్. సాత్విక ఫోన్‌లో నన్ను అలాగే సేవ్ చేసుకుంది.

అవును, నేను చదివేవి కరపత్రాలే. లైబ్రరీలో, క్లినిక్‌లో, బస్ స్టేషన్లో ఏది దొరికితే అది. అద్దెవాళ్ళ హక్కుల కరపత్రం చదివి మీ మీదే యుద్ధానికొచ్చా, గుర్తుందా? బేస్‌మెంట్ కిటికీ మనిషి పట్టేంత ఉండాలని. ఆ రోజూ మీరు అరిచారు. అరిచి, వారం తిరక్కుండా గోడ కోయించి పెద్ద కిటికీ పెట్టించారు. ఇప్పుడు నా మంచం మీద ఎండ పడుతోంది.

అసలు నా బాధ ఇది. ఈ ఏడు వేటకి రానని లానార్క్ క్యాంపు వాళ్ళకి మీరు ఫోన్ చేసి చెప్పేశారట. ఆంటీ చెప్తూ కళ్ళు తుడుచుకున్నారు. నేను మాన్పించాలనుకున్నది సీసాన్ని, మిమ్మల్ని కాదు.

ఈ ఇంటికొచ్చిన కొత్తలో వేటంటేనే హత్య అని మీతో వాదించా. అప్పుడు మీరు మొదటి ఏడు గురి తప్పి గాయపరిచిన జింక సంగతి చెప్పారు. నెత్తుటి చుక్కలు చూసుకుంటూ చిత్తడిలో చీకటి పడేదాకా వెతికారని, దొరకలేదని, అప్పట్నుంచి ఒక్క గుండుతో పడుతుందన్న నమ్మకం లేకపోతే ట్రిగ్గర్ ముట్టనని అన్నారు. ఆ మాటకే నేను హత్య అనడం మానేశా. అందుకే సీసం బదులు రాగి గుండు వాడమంటే మీ భయమేంటో నాకు తెలుసు. అది విచ్చుకోకుండా పెన్సిల్లా ఇటు దూరి అటు పోతుందని, జింక మళ్ళీ అలా చిత్తడిలో పడి చస్తుందని.

నిన్న బస్సెక్కి వేట సామాన్ల షాపుకెళ్ళా. లైసెన్సు లేకుండా అమ్మరట, సరే అడిగి తెలుసుకుందామని కౌంటర్ దగ్గర నిలబడ్డా. దారిలో అన్నయ్య త్యాగరాజు నిజామాబాద్ నుంచి ఫోన్ చేస్తే, అంకుల్‌కి మంచి బుల్లెట్ చూస్తున్నా అన్నా. ఈ వయసులో ఆయనకి బుల్లెట్ ఎందుకే, కిక్ కొడితే మోకాలు పోద్ది, సెల్ఫ్ స్టార్ట్ స్కూటీ చూడు అన్నాడు. బండి కాదురా, జింకని కొట్టేది అంటే, స్కూటీతో కూడా కొట్టొచ్చు, హారన్ మాత్రం వెయ్యొద్దని చెప్పు అన్నాడు.

షాపులో తేలింది ఇది. సీసం గుండు లోపల విరిగి, కంటికి కనపడనంత పొడి అయి, గాయానికి జానెడు దూరం దాకా మాంసంలో చేరుతుంది. ఎంత కోసి పారేసినా కొంత మిగులుతుంది. రాగి గుండు పువ్వులా విచ్చుకుని ఒక్క ముక్కగానే ఉంటుంది. కానీ విచ్చుకోవాలంటే వేగం కావాలి. కాబట్టి మీరు వాడే నూట ఎనభై గ్రెయిన్ల బరువు గుండు వద్దు, తేలికగా ఉండే, నూట యాభై తీసుకోవాలి. మరీ దూరం నుంచి కొట్టకూడదు, మీరెలాగూ కొట్టరు. బ్యారెల్ శుభ్రంగా తుడిచి, కాల్పులు సాధన చేసే రేంజ్‌లో గురి మళ్ళీ సరిచూసుకోవాలి. మీ ఒక్క గుండు నియమానికి ఇదేం అడ్డం కాదు అంకుల్, ఇంకా దగ్గర.

సీజన్ నవంబర్ ఆరున మొదలు. వచ్చే శనివారం రేంజ్‌కి వెళ్దాం. నేనూ వస్తా. టార్గెట్ కాగితాలు పట్టుకుంటా, అంటే సంచిలో. గుండు సరిగ్గా పడకపోతే మీ పాత గుండే వాడుకోండి, నేను నోరెత్తను. మాంసం మాత్రం తినను. హామిల్టన్‌లో ఉంటున్న మా ఆయన ఫోన్ చేసి, ఇంటివాళ్ళతో గొడవ పెట్టుకోకు, చలికాలంలో ఇల్లు దొరకదని మొత్తుకుంటున్నాడు. మీరు నన్ను పొమ్మనరని ఆయనకెలా చెప్పను?

కోపం తగ్గాకే మాట్లాడాలని లేదు, కోపంగానే మాట్లాడండి.

అరిచినా మీ మనిషే,
ఝాన్సీలక్ష్మి

తా.క.: ఇంత రాసి అసలు సంగతి రాయలేకపోయా అంకుల్. నాకు మూడో నెల. మా ఆయన తర్వాత ఈ మాట చెప్తున్నది మీకే. అమ్మకి రేపు చెప్తా. ఆ రోజు ప్లేట్లో కూర పడగానే, సీసం గుండుతో కొట్టిన మాంసం కడుపుతో ఉన్నవాళ్ళు తినకూడదన్న కరపత్రం ముక్కొక్కటే కళ్ళముందు కనపడింది. భయపడ్డానని నలుగురిలో చెప్పలేక అరిచేశా. ఇప్పుడు ఏం తిన్నా కడుపులో నిలవట్లేదు, మజ్జిగ కూడా. కానీ ఆంటీ చేసే ఆ ఇగురు మీదికే మనసు పోతోంది. వేటకి వెళ్ళండి అంకుల్.