పూలపళ్లేలకు నేను రాసిన మాటలు

విజయనగరం,
సోమవారం మధ్యాహ్నం

అన్నయ్యకు తమ్ముడు సూర్యం నమస్కరించి రాసేది. అమ్మ కాళ్లకు దండం పెట్టానని చెప్పు. నేను బాగానే ఉన్నాను. మీ ఒంట్లో ఎలా ఉందో అడిగే ముందు ఒక్క మాట. నాన్న గుండిగను పగలగొట్టకు. గురువారం కొలిమి వెలిగించకు. మిగిలిన ఉత్తరం తీరిగ్గా చదువుకోవచ్చు, ఈ మాట మాత్రం ఇప్పుడే విను.

అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? వదినకు దగ్గు తగ్గిందా? ఇక్కడ వానలు వదలడం లేదు. శెట్టిగారి అరుగు మీదికి జల్లు కొడుతోంది గాని నా మంచం వేసిన మూల పొడిగానే ఉంటుంది, దిగులు పడొద్దు. భోజనానికి లోటు లేదు. చారు మాత్రం మనింటి చారు కాదు, ముద్ద కలుపుతుంటే మీరే గుర్తొస్తారు. పోయినసారి దుప్పటి అడిగాను, పంపొద్దు. చలి అంతగా లేదు. బాగానే ఉన్నాను.

నీ కార్డు ఈ ఉదయం అందింది. యుద్ధం మూలాన ఇత్తడి రేకు దొరకక, అమ్మ బిందె కరిగించి మొదటి పన్నెండు పూలపళ్లేలు చేశావు. ఇప్పుడు రెండో విడతకు నాన్న తన చేత్తో చేసిన గుండిగను గురువారం కరిగిస్తానని రాశావు. వీధిలో ఏ ఇంట పెళ్లయినా అన్నం ఉడికింది అందులోనే. "సిన్నోడు సదువుకున్నోడు, ఆడు ఊరికే సెప్పడు, కరిగించీ" అని అమ్మ అందట. అది చదివాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

తప్పు నాది అన్నయ్యా. మొదటినుంచీ చెబుతాను.

శెట్టిగారి పాత్రల కొట్లో బోర్డులూ కరపత్రాలూ రాసిపెట్టే షరతు మీద ఆయన నాకు చోటిచ్చారని నీకు తెలుసు. బాగా అమ్ముడయ్యే సరుకును చెప్పడానికి ఎన్ని మాటలున్నాయో ఇక్కడికొచ్చాకే విన్నాను. గిరాకీ సరుకు, చలామణీ సరుకు, చేతులు మారే సరుకు. శెట్టిగారు "రెక్కలొచ్చినట్టు ఎగిరిపోతన్నాయి" అంటారు. గుమాస్తా "నేల మీద నిలవడం నేదు" అంటాడు. అన్నీ నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను. పాఠాలకన్నా ఎక్కువసార్లు అవే చదువుకున్నాను. ఒకరోజు శెట్టిగారు మూడుకాళ్ల పూలపళ్లెం ఒకటి నా చేతికిచ్చి, దీనికో బోర్డు రాయమన్నారు. "తెచ్చినవి తెచ్చినట్లే చెల్లిపోవుచున్నవి. నేడు చూచినది రేపు ఉండదు" అని రాశాను. ఆయన భుజం తట్టారు. ఆ సాయంత్రమే అవే మాటలు నీకూ రాసి, ఇలాంటి పళ్లేలు చెయ్యమన్నాను.

ఆ పళ్లెం చుట్టూ చెక్కిన తామర రేకుల సందుల్లో దుమ్ము పేరుకుని ఉంది. నా తుండుతోనే తుడిచాను. రోజూ ఎగిరిపోయే వస్తువుకి ఇంత దుమ్మెలా పట్టిందని అప్పుడే అనిపించింది. కానీ నీకు ఉత్తరం రాస్తుంటే ఆ వాక్యాలు ఎంతో అందంగా కుదిరాయి. మధ్యలో దుమ్ము సంగతి పెడితే చెడిపోతాయనిపించి వదిలేశాను. తెలియక రాశానని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. తెలిసే రాశాను.

నువ్వు పంపినవి తీసుకెళ్లి చూపిస్తే, శెట్టిగారు నన్ను అటక ఎక్కించారు. కాగితాలు చుట్టిన పూలపళ్లేలు దూలం దాకా ఉన్నాయి.

"ఎగిరిపోతున్నాయన్నారు కదండీ?" అన్నాను.

"ఒరే సూర్నారాయణా, పోయే సరుక్కి బోర్డెందుకురా? సెంబు కావలసినోడు సెంబియ్యమని అడిగి పట్టుకెల్తాడు. కదలందానికే కదా నీ సేత రాయించింది!"

కిందనుంచి గుమాస్తా నవ్వు. "బాబు మన బోర్డుని ఆళ్లన్నకే అమ్మీసినాడండీ!"

ఆ రోజే నీకు రాయాల్సింది. రాయలేదు. "పళ్లేలు అందాయి, అందరూ మెచ్చుకున్నారు" అని రాశాను. ముందు అవన్నీ అమ్మేసి, ఆ తరవాత నిజం చెబుదామనుకున్నాను. మెచ్చుకున్నారన్న ఆ మాట నమ్మే నువ్వు గుండిగ మీద చెయ్యి వేశావు.

నిన్న వాటిని మూట కట్టుకుని చీపురుపల్లి సంతకు వెళ్లాను. ఒక పెద్దావిడ ఆగింది.

"ఏటి బాబూ ఇది?"

"తాంబూలం పళ్లెమమ్మా. చుట్టూ తామర రేకులు. పట్నంలో ఎగబడి కొంటున్నారు."

"ఎగబడతన్నారా? మరిక్కడికెందుకు మోసుకొచ్చినావు నాయినా?"

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆవిడ మాత్రం పళ్లేన్ని తిరగేసి, వేలి కణుపుతో కొట్టి చూసింది. "పని బాగున్నాది. సేసినోడి సెయ్యి మంచిది. ఆడి సేత ఒక గిన్ని సేయించకపోయేవా?" అని వెళ్లిపోయింది. ఆ మాటతో నేను మూట కట్టేశాను. ఒక్కటీ పోలేదు.

ఈ ఉత్తరం టపాలో వేస్తే సమయానికి అందదు. మన వీధి అప్పన్న మావ ఇక్కడికొచ్చాడు, ఈ సాయంత్రం రైలెక్కి రేపటికి ఊరు చేరతాడు. పళ్లేలు కూడా ఆయనతోనే పంపుతున్నాను. కరిగించి ముందు అమ్మకు బిందె చెయ్యి. వదిన మట్టికుండతో నీళ్లు మోస్తోందని మావ చెప్పాడు. మిగిలితే చెంబులు చెయ్యి. చెంబుల కోసం కొట్టుకి మనుషులు రావడం నేను రోజూ నా కళ్లతో చూస్తున్నాను.

రేపటినుంచి పరీక్షలు, లేకపోతే నేనే వచ్చేవాణ్ణి అని రాయబోయాను. పరీక్షలున్న మాట నిజమే. అమ్మ ముఖం చూడ్డానికి భయం వేస్తున్న మాట కూడా నిజం.

నీ ఆత్రం నాకు తెలుసు. గురువారమని రాసినా, నిప్పు రాజుకుంటే ఆగేవాడివి కాదు. గుండిగ ఉంటే ఉందని రాయి. కరిగిపోతే కరిగిపోయిందని రాయి. నేను బాధపడతానని మెత్తటి మాట వెతకొద్దు. ఈ ఉత్తరం అమ్మకు మొత్తం చదివి వినిపించు, ఒక్క ముక్క కూడా దాచకుండా.

వదినకు, వీధిలో పెద్దలకు నా నమస్కారాలు. అమ్మను ముందు తిట్టమను. ఆ తరవాత మనసొస్తే దీవించమను.

ఇట్లు
నీ తమ్ముడు
సూర్యనారాయణ