బుల్లెమ్మ ఓపిక

కోడూరు,
సోమవారం

చిరంజీవి దుర్గాదేవిని మావయ్య బాబ్జీ ఆశీర్వదించి రాయునది.

ప్రకటన. దివిసీమ ప్రజలకీ, వారి పశువులకీ, పడవలకీ తెలియజేయడమేమనగా: కోడూరు ఐసు ఫ్యాక్టరీ యజమానీ, ఎనిమిదో తరగతిని రెండేళ్ళు శ్రద్ధగా చదివినవాడూ అయిన శ్రీ బాబ్జీ గారు ఈ ఉదయం తొమ్మిది గంటల నుంచి మేనకోడలికి ఫోను చెయ్యడం మానేశారు. కారణం: పదకొండుసార్లు చేస్తే పదకొండుసార్లూ "మీటింగులో ఉన్నాను మావయ్యా" అని వినపడడం. పన్నెండోసారి మీటింగే ఫోనెత్తి "దుర్గలో ఉన్నాను" అంటుందేమోనని భయం.

ఉత్తరానికి మీటింగు అడ్డం రాదు. మన సత్తిబాబు రోజూ చేపల వ్యాను గుడివాడ తోలుకొస్తాడు కదా, వాడి చేతికిస్తున్నాను. మీ అమ్మ నిన్న నాతో ఏడ్చింది. పిల్ల మేడమీద గదిలో కంప్యూటరు ముందు కూర్చుని సరిగా అన్నం కూడా తినడం లేదు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అంటోంది తమ్ముడూ అని. ఏమిటా కష్టం? నాకు అర్థం కాదనుకోకు. అర్థం కాని విషయాల్లో సలహాలివ్వడంలో నాకు ముప్పై ఏళ్ళ అనుభవం.

నీ మావయ్య,
బాబ్జీ

తా.క. ఉత్తరం కొరమేను వాసన వస్తే అది నా అభిమానం కాదు. సత్తిబాబు సీటు.

*

గుడివాడ,
బుధవారం

మావయ్యకి నమస్కారాలు.

కొరమేను కాదు, రొయ్య. గదంతా అదే వాసన.

కష్టం చెప్తాను, నవ్వులాటకి వాడుకోనని ఒట్టు పెట్టుకుని చదువు. కంపెనీలవాళ్ళు ఒక్కో ప్రోగ్రామునీ దానికి కావలసిన సామానంతా పెట్టి విడివిడిగా మూటగట్టి నడుపుతారు. వాటిని కంటైనర్లంటారు. నీ ఐసు డబ్బాలనుకో. ఒకదాని నీళ్ళు ఇంకోదానిలో కలవవు. అలాంటివి వందలాదిగా నడపడం, ఆపడం, కనిపెట్టి ఉండడం మా సాఫ్ట్‌వేరు పని. ఆ సాఫ్ట్‌వేరు సరిగ్గా ఉందో లేదో మనిషి ముట్టుకోకుండా రోజూ చూసే పరీక్షలు తయారుచెయ్యడం నా పని.

అందులో ఒక పరీక్ష నన్ను చంపుతోంది. అది ఒక డబ్బాని ఆపమంటుంది, ఐదు సెకన్లు ఊరుకుంటుంది, ఆగిందా అని చూస్తుంది. నా కంప్యూటరులో ఎప్పుడూ పాసే. హైదరాబాదు ఆఫీసులో మాత్రం మూడు రోజులు పాసు, నాలుగో రోజు ఫెయిలు. నెలాఖరులోగా ఇది తేల్చకపోతే నా ఉద్యోగం ఖాయం చెయ్యరు.

నీ సలహా మాత్రం వద్దు. సముద్రానికి ఆదివారం సెలవు, ఆ రోజు అలలు రావు అని నువ్వు చెబితే, నా ఎనిమిదో ఏట పరీక్ష పేపరులో రాశాను. టీచరు క్లాసంతటికీ చదివి వినిపించారు.

నీ మేనకోడలు,
దుర్గ

తా.క. పరీక్షంటే కావాలని ఒకటి చెడగొట్టి చూడడమే. కరెంటు పోతే నీ జనరేటరు లేస్తుందో లేదో, పోకుండా నీకు మాత్రం ఎలా తెలుస్తుంది?

*

కోడూరు,
శుక్రవారం

చిరంజీవి దుర్గకి ఆశీస్సులు.

ఇప్పుడు తెలిసింది. లేవదు.

నీ తాజా కలం చదివిన చేత్తోనే వెళ్ళి మెయిన్ స్విచ్చి దించాను. ఆ సమయానికి చెరువు ఆసామి నాగభూషణరావు గారి రొయ్యలు ఐసు కోసం గేటు దగ్గర నిలబడి ఉన్నాయి. జనరేటరు కిక్కురుమనలేదు. ఎందుకంటే దాని బ్యాటరీ మొన్న నీకు నా ఉత్తరం ఇవ్వడానికి వస్తూ సత్తిబాబు వ్యానులో బిగించుకున్నాడు, మళ్ళీ తెచ్చి పెట్టలేదు. పోనీ స్విచ్చి ఎత్తుదామంటే పిడి ఊడి నా చేతిలోకి వచ్చింది. నాలుగు గంటలు కరెంటు లేదు.

"స్విచ్చి దించిందెవడయ్యా" అన్నారు నాగభూషణరావు గారు. "సాఫ్ట్‌వేరు పద్ధతండీ" అన్నాను. ఆయన నన్నూ సాఫ్ట్‌వేరునీ ఒకే గాటన కట్టి తిట్టారు. నీ పేరు చెప్పలేదు. ఇంటిపేరు మాత్రం చెప్పాను.

అసలు సంగతి ఇది. మర్నాడు గోడమీద రాసుకున్న టైముకే ఐసు తీశాం. దిమ్మలన్నీ పైకి గట్టిగా ఉన్నాయి, పొట్టలో నీళ్ళు. మా ఫ్యాక్టరీలో డబ్బాలు చూసుకునే బుల్లెమ్మ అక్కడే ఉంది. డెబ్బై ఏళ్ళ మనిషి, అబద్ధమాడి ఎరగదు. "గంట చూసి తియ్యడానికి ఇదేమన్నా అవనిగడ్డ బస్సా బాబూ? గంట నీది, గడ్డకట్టడం దానిది. డబ్బా తట్టి చూడు. నీళ్ళ చప్పుడొస్తే ఆగి మళ్ళీ తట్టు. గట్టి చప్పుడొస్తే తియ్యి" అంది. నీ ఐదు సెకన్ల గొడవ చెబితే, "ఆ పిల్లా గంట చూసే తీస్తన్నట్టుంది" అంది.

ఇది నా సలహా కాదు. బుల్లెమ్మ సలహా.

నీ మావయ్య,
బాబ్జీ

తా.క. రొయ్యలు క్షేమం. అవనిగడ్డ నుంచి ఐసు తెప్పించుకున్నారు. క్షేమం కానిది నేనే.

*

గుడివాడ,
గురువారం

మావయ్యకి నమస్కారాలు.

పరీక్షలు పక్కన విడిగా పెట్టుకున్న సామాను మీద చేస్తారు మావయ్యా, ఊళ్ళోవాళ్ళ రొయ్యల మీద కాదు. ముందే రాయకపోవడం నా తప్పు.

బుల్లెమ్మ గారిని వేసవి సెలవుల్లో ఎప్పుడూ చూసిన గుర్తులేదు. కానీ ఆవిడ మాట చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఐదు సెకన్లు పీకేశాను. ఇప్పుడు నా పరీక్ష డబ్బాని తడుతోంది. ఆగావా? లేదు. ఆగావా? లేదు. ఆగావా? ఆగాను. అంతే, ముందుకి వెళ్తోంది. ఆఫీసు కంప్యూటరు పని ఎక్కువైన రోజు నింపాదిగా ఆపుతోంది, అదీ రోగం. ఐదు రోజులుగా అన్నీ పాసు.

మరి ఎంతసేపని తట్టాలి? ఒకరి డబ్బా రెండు సెకన్లలో ఆగుతుంది, ఇంకొకరిది నిమిషం తీసుకుంటుంది. ఆ ఓపిక ఎంతో వాడుకునేవాళ్ళనే రాసుకోనిద్దాం, వాళ్ళేమీ రాయకపోతే అరవై సెకన్లు అనుకుందాం అన్నారు మా మేనేజరు శామ్యూల్ రాజ్ గారు. ఆ కొత్త ఆప్షనుకి పేరు కావలసి వచ్చింది. నేను ఐసు సంగతంతా చెప్పాను. మా టీములో ముప్పై మందీ ఒకటే మాట, బుల్లెమ్మ అని. ఇప్పుడు మా సెట్టింగుల్లో "బుల్లెమ్మ: 60" అని ఉంటుంది.

శామ్యూల్ రాజ్ గారిది బందరే. ఆదివారం ఇంటికొస్తున్నారు. కోడూరు వచ్చి బుల్లెమ్మ గారికి చీర పెడతారట. నా ఉద్యోగం సంగతి సోమవారం తేలుతుంది.

నీ మేనకోడలు,
దుర్గ

తా.క. ఆవిడకి ఏ రంగు ఇష్టం?

*

కోడూరు,
శుక్రవారం

చిరంజీవి దుర్గకి ఆశీస్సులు.

ఆదివారం వద్దు. బుల్లెమ్మ హంసలదీవిలో మనవరాలి దగ్గరికి వెళ్ళింది. ఎప్పుడొస్తుందో చెప్పలేదు. వచ్చినా పరాయి మగాళ్ళతో మాట్లాడదు. మాట్లాడినా ఉపయోగం లేదు, ఆవిడకి బ్రహ్మచెవుడు. పక్కన పిడుగు పడితే పక్కకి జరుగుతుందే గాని తలెత్తదు. పైగా చీర పెడితే కోపం. పోయినేడు ఎవరో పెట్టబోతే వారం రోజులు అన్నం మానేసింది.

మీ సారుని అంతగా తోచకపోతే చిలకలపూడి వెళ్ళి వాళ్ళావిడకి ఒక గిల్టు గొలుసు కొనమను. బంగారం కాకపోయినా మెడలో మెరుస్తుంది. కొన్ని మంచి వస్తువులు అలాగే ఉంటాయని ఆయనకి చెప్పు. నువ్వు కూడా ఆలోచించు.

నీ మావయ్య,
బాబ్జీ

తా.క. మీ అత్తయ్య సత్యవతమ్మకి ఆకుపచ్చ ఇష్టం. ఊరికే రాశాను.

*

గుడివాడ,
శనివారం

మావయ్యకి,

నీ ఉత్తరాన్ని పరీక్షించాను. ఫెయిలైంది.

బ్రహ్మచెవుడున్న మనిషి డబ్బా తట్టి చప్పుడు ఎలా వింటోంది?

సముద్రానికి సెలవిచ్చినప్పుడు క్లాసులో నవ్వారు, ఇంటికొచ్చి ఏడ్చాను, అయిపోయింది. ఇప్పుడు నాకు ఇరవై నాలుగు. బుల్లెమ్మ గారు చెప్పారని ముప్పై మందికి నా నోటితో చెప్పాను. ఆవిడ లేదని తెలిస్తే సోమవారం నా పరీక్షల మాట అటుంచు, నన్నే ఎవరూ నమ్మరు. నేను నిన్ను నమ్మనట్టు.

నిజమేమిటో నాకు చెప్పకపోయినా సరే. రేపు ఆయనకి చెప్పు.

దుర్గ

తా.క. ఆయన బయలుదేరారు. చీర ఆకుపచ్చది.

*

కోడూరు,
ఆదివారం

చిరంజీవి దుర్గకి ఆశీస్సులు.

మీ సారు పదింటికి వచ్చారు. మంచి మనిషి, గుమ్మంలో చెప్పులు విడిచి మరీ వచ్చారు. "బుల్లెమ్మ గారెక్కడండీ" అన్నారు. నోటిదాకా నాలుగు అబద్ధాలొచ్చాయి. అందులో ఒకటి చాలా బాగుంది కూడా. మింగేశాను. "ముందు డబ్బాల దగ్గరికి రండి" అన్నాను.

ఒక్కోటీ తట్టించాను. ఐదో డబ్బా దగ్గర చెవి పెట్టి, "ఇది ఇంకా అవలేదండీ" అన్నారు. పైకి లాగి చూస్తే పొట్టలో నీళ్ళు. చొక్కా తడుపుకుని చంటిపిల్లాడిలా నవ్వారు. "ఇది మీకెవరు నేర్పారు" అన్నారు. అప్పుడు చెప్పాను.

ఇరవై ఏళ్ళ కిందట పోతురాజు పడవకి గంట చూసి ఐసు తీసిచ్చాను. తట్టలేదు, తొందర. సముద్రంలోకి వెళ్ళేసరికి సగం నీరైంది. మూడు రోజుల వేట కుళ్ళి, ఒడ్డున గొయ్యి తీసి పూడ్చారు. పోతురాజు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ రోజు నుంచి తడుతున్నాను. మొన్న నాగభూషణరావు గారి తిట్ల మధ్య మళ్ళీ ఒకసారి మర్చిపోయాను, అంతే.

"మరి ఈ మాట మీ పేరుతోనే రాయొచ్చుగా" అన్నారాయన. "నేను చెబితే మా పిల్ల నమ్మదండీ. దాని ఎనిమిదో ఏట ఆ తలుపు నేనే మూసుకున్నాను. అందుకే అబద్ధమాడని మనిషిని ఒకరిని పెట్టుకోవలసి వచ్చింది" అన్నాను.

ఆయన తడిసిన చొక్కా పిండుకున్నారు. తర్వాత అన్నారు: "పరీక్ష రోజూ పాసవుతోంది. ఎవరు చెప్పినా పాసు పాసేనండీ. రేపు సంతకం పెడతాను, మీ అమ్మాయిని భోంచెయ్యమనండి." ఆప్షను పేరు బాబ్జీ అని మార్చనా అని కూడా అడిగారు. వద్దన్నాను. బాబ్జీ అని ఉంటే తెలిసినవాళ్ళెవరూ ముట్టుకోరు.

కాబట్టి ప్రకటన. ఈ ఉత్తరాల్లో స్విచ్చి నిజం, బ్యాటరీ నిజం, ఐసు నిజం. తిట్లు నిజమే, తగ్గించి రాశాను. సముద్రానికి ఏ వారమూ సెలవు లేదు. పదహారేళ్ళు ఆలస్యంగా చెప్తున్నాను, ఏమీ అనుకోకు. బుల్లెమ్మని మాత్రం మొదటి నుంచి చివరిదాకా నేనే పుట్టించాను.

నీ మావయ్య,
బాబ్జీ

తా.క. ఆకుపచ్చ చీర మీ అత్తయ్య కట్టుకుంది. అద్దం ముందు నిలబడి, ఇంతకీ ఎవరా బుల్లెమ్మ అని అడుగుతోంది. అలాంటి మనిషి ఎక్కడా లేదని పొద్దుటినుంచీ చెప్తున్నాను, నమ్మడం లేదు. నువ్వొక ఉత్తరం రాసిపెట్టు తల్లీ.