బొంత దారంతో కొలిచిన అడుగు

బేస్ క్యాంపు,
జనవరి 6

ప్రియమైన బాపుకు,

ఈ అడవికి వచ్చి నెల దాటింది. ఇక్కడ ఫోన్ పనిచేయదు. మంగళవారం, శనివారం బియ్యం, నీళ్లు తెచ్చే జీపు డ్రైవర్ భోజన్న అన్నే నాకు పోస్ట్‌మ్యాన్. నువ్వు కూడబలుక్కుని చదువుతావని పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. ఐదో తరగతిలో నా పలక మీద నీతో అక్షరాలు దిద్దించినప్పుడు, అవి ఇంత దూరం పనికొస్తాయని అనుకోలేదు.

బీట్ ఆఫీసర్ ఉద్యోగం అంటే నడకే. రోజుకు పద్దెనిమిది కిలోమీటర్లు. చెట్ల మీద పెద్దపులి గోళ్ల గీతలు చూశాను, వాగు ఇసుకలో అడుగులు చూశాను. పులిని మాత్రం చూడలేదు. నాతోపాటు చేరిన సంజన అప్పుడే రెండుసార్లు చూసింది. ఆకు కదిలితే ఆగిపోతున్నాను. పడుకున్నా కాళ్లు నడుస్తూనే ఉన్నట్టుంటుంది.

అవ్వకు పులి అంటే అన్నీ ఒకటే కదా, ఇది చదివి వినిపించు. పెద్దపులికి చారలు, చిరుతపులికి మచ్చలు. పెద్దపులి ఒంటరిది, నీళ్లంటే దానికి ఇష్టం, ఎండాకాలం వాగులో కూర్చుంటుంది. సింహం గుంపుగా బతుకుతుంది. వేట ఎక్కువగా ఆడ సింహాలే చేస్తాయి, మగది వచ్చి ముందు తింటుంది. చిరుత ఈ రెండింటికంటే చిన్నది, కానీ వేటను నోట కరుచుకుని చెట్టెక్కగలదు. చీతా పరుగుకే పుట్టింది, దానికి గర్జన రాదు. అడుగు కొలిచినా తేడా తెలుస్తుంది. పెద్దపులి ముందు పాదం పన్నెండు సెంటీమీటర్లు దాటుతుంది, చిరుతది ఎనిమిదో తొమ్మిదో.

ఒక్క పెద్దపులి. అంతే బాపూ, ఇంకేం వద్దు.

చెరుకు కోత ఎప్పుడు? నీ మోకాలు ఎలా ఉంది?

నీ బిడ్డ
సుష్మ

*

రెంజల్ దగ్గర, మన ఊరు
జనవరి 12

బిడ్డ సుష్మకు బాపు రాసేది,

నీ ఉత్తరం పేపర్ల అచ్చేసినట్టున్నది. సదివెతందుకు రెండు పొద్దులు పట్టింది. సింహం ముచ్చట చెప్తే మీ అవ్వ, "గదేందయ్యా, గది మన పక్క చేను రాజనర్సు లెక్కనే ఉన్నది! పెండ్లాం కష్టం చేస్తే ముందుగాల తినుడే" అని పడిపడి నవ్వింది. మోకాలు ఉన్నకాడికి మంచిగనే ఉన్నది.

చెరుకు కోతకు మహారాష్ట్ర నుంచి కూలోళ్ల టోలి వచ్చింది. ఆలుమగలు కలిసి పన్నెండు జంటలు. కాలువ గట్టుకు గుడిసెలు ఏసుకున్నరు. నిన్న పొద్దుగాల మన పిల్లకాలువ పొంటి మట్టిల అడుగు కనబడ్డది. రాజనర్సు, "కుక్కదే పోవయ్యా" అన్నడు. కుక్కకైతే గోర్లు పడతయి గదా, దీనికి లెవ్వు. టోలి పెద్ద, ముకద్దం, "వాఘ్, వాఘ్", అంటే పులి పులి అనుకుంట చెరుకుల కాలు పెట్టనంటుండు.

ఇంట్ల స్కేలు లేదు. అవ్వ బొంత కుట్టే దారంతోని కొలిచిన, మడిమె నుంచి వేళ్ల కొస దాకా. దారం కత్తిరించి గీ కాయితంల మడిచి పెట్టిన.

నువ్వే చెప్పాలె. ఊరంత నీ మాట కోసం సూస్తున్నది. మా అందరిల సదువుకున్నదానివి నువ్వే గదా.

బాపు
భీమన్న

*

బేస్ క్యాంపు,
జనవరి 17

ప్రియాతిప్రియమైన బాపూ,

దారం స్కేలు మీద పెట్టాను. పదమూడున్నర సెంటీమీటర్లు! మూడుసార్లు కొలిచాను. సంజనతో ఇంకోసారి కొలిపించాను. బాపూ, అది పెద్దపులి. చిరుత ఎంత ముదురుదైనా పాదం అంత ఉండదు. మహారాష్ట్ర అడవుల్లో పుట్టిన పులులు కొత్త చోటు వెతుక్కుంటూ వందల కిలోమీటర్లు నడుస్తాయని ట్రైనింగ్‌లో చెప్పారు. గోదావరి దాటి మన దాకా వచ్చి ఉంటుంది. నేను ఇక్కడ అడవంతా వెతుకుతుంటే అది మన చేనుకే వచ్చింది చూడు!

వెంటనే వైర్‌లెస్‌లో మా రేంజ్ ఆఫీసర్ సార్‌కు చెప్పాను. రిపోర్టు నా పేరు మీదే వెళ్లింది. మీ దగ్గరికి మా శాఖ మనుషులు వచ్చి కెమెరా కడతారు. అప్పటిదాకా కోత ఆపించు. చెరుకులోకి ఎవరూ దిగొద్దు, నువ్వు అసలే దిగొద్దు. భోజన్న అన్నతో ఫోన్ చేయించాను. నీ ఫోన్ ఎప్పటిలాగే మూగగా ఉంది.

దారాన్ని నా డైరీ మొదటి పేజీలో అతికించుకున్నాను. పని మధ్యలో తీసి చూసుకుంటున్నాను. త్వరగా రాయి. శనివారం ఎప్పుడొస్తుందా అని రోజులు లెక్కపెడుతున్నాను.

నీ సుష్మ

*

మన ఊరు
జనవరి 30

బిడ్డా,

ఫోన్ కాలువల పడ్డది, గందుకే మూగగున్నది.

నువ్వు చెప్పినట్టే కోత ఆపిన. నన్ను సూసి అందరు ఆపిండ్రు. టోలి వారం దినాలు సూసి వేరే ఊరికి పోయింది. చెరుకు ఎండుకు తిరిగింది. పోరగాండ్లను బడికి తోలుతలేరు. మీ వాళ్లు వచ్చి తుమ్మచెట్టుకు కెమెరా కట్టిండ్రు. అండ్ల కుక్కలు పడ్డయి, రాజనర్సు చెంబు పట్టుకొని పోవుడు పడ్డది. పులి పడలె. గప్పటి సంది రాజనర్సు నా మీద కాక మీదున్నడు.

నిన్న పంచాయితీ కాడ అందరి ముంగట అన్నడు: "భీమన్నా, నీ బిడ్డ కాయితం మీద పులిని చేసింది. ఇగ మా చెరుకు ఎవడు కోస్తడు? సుట్టు కరెంటు తీగ పెడ్త. పులైతే పులి, పందైతే పంది."

కాళ్లు మొక్కుత, గట్ల చెయ్యకని నేనన్న. అమాస దాకా సూస్త, గంతే అన్నడు. తీగ సుట్ట తెచ్చి గట్టు మీద పెట్టుకున్నడు.

ఇంకొకటి. సాయవ్వ మేకపిల్ల తప్పిపోయింది. సగం తిన్నది మన గట్టు మీది మామిడి కొమ్మకు ఏలాడుతున్నది. ఎవనిదో కొంటె పని అనుకుంటుండ్రు.

నీ మీద మాట వస్తున్నదని నాకు అన్నం సయిస్తలేదు. ఇంట్ల కూసోబుద్ది గాదు, చేను కాడ నిలబడబుద్ది గాదు.

నీ బాపు

*

బేస్ క్యాంపు,
ఫిబ్రవరి 7

బాపూ, నా మంచి బాపూ,

భోజన్న అన్న జీపు స్టార్ట్ చేసి నిలబడ్డాడు. తొందరగా రాస్తున్నాను.

మామిడి కొమ్మ దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. పెద్దపులి తన వేటను కొమ్మ మీదికి మోయదు. అది చిరుత చేసే పని. మొదటి ఉత్తరంలో నేనే నీకు రాశాను, నేనే మరిచిపోయాను. తడి మట్టిలో అడుగు సాగుతుంది. నడిచేటప్పుడు వెనుక కాలు ముందు కాలి గుర్తు మీద పడి ఒక్కటే పెద్ద అడుగులా కనిపిస్తుంది. ఒక్క అడుగుతో తేల్చొద్దు, వరుసగా పది చూడండి అని మాకు నేర్పారు. నేను ఒక్క దారంతో తేల్చేశాను. పులి కావాలని ఉంది కాబట్టి పులిని చేశాను. రాజనర్సు మామ అన్నది నిజం.

వైర్‌లెస్‌లో తప్పు ఒప్పుకున్నాను. సార్ అరవలేదు. "రాసి ఇవ్వు" అన్నారు. ఇచ్చాను. నా ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు. ఏం చేస్తారో తెలియదు.

ఇప్పుడు ముఖ్యమైనది విను. ఆడ చిరుతలు చెరుకు తోటల్లో కూడా పిల్లల్ని పెడతాయి. మా వాళ్లు ముందు నడిస్తేనే కోత పెట్టండి. కాలువ వైపు నుంచే కోయండి, గుట్ట వైపు దారి వదలండి. నాలుగు దిక్కులా చుట్టుముట్టొద్దు. నిప్పు పెట్టొద్దు. పిల్లలు కనిపిస్తే తాకకుండా వెనక్కి వచ్చేయండి.

ఈ ఉత్తరం అందరి ముందు చదువు. తప్పు నాదని గట్టిగా చదువు. తీగ మాత్రం పెట్టనివ్వకు బాపూ.

సుష్మ

*

మన ఊరు
ఫిబ్రవరి 18

నా బిడ్డ సుష్మకు,

నీ ఉత్తరం పంచాయితీ కాడ నిలబడి సదివిన. తడుముకుంట సదువుతుంటే రాజనర్సే, "మెల్లగ కానియ్యి భీమన్నా, ఎవ్వలు ఉరుకుతలేరు" అన్నడు. 'తప్పు నాది' అన్నది నువ్వు చెప్పినట్టే గట్టిగ సదివిన. ఎవ్వలు నవ్వలె. రాజనర్సు లేసి నిలబడ్డడు. "ఆఫీసరై తప్పైందని రాసినోళ్లను నేనైతే సూడలె" అని తీగ సుట్ట బుజానికేసుకొని ఇంటికి పోయిండు.

టోలిని మల్ల పిలిపించుకున్నం. మీ వాళ్లు ముంగట నడిచిండ్రు. కాలువ దిక్కు నుంచి మూడు దినాలు కోసినం. నడిమిట్లకు వచ్చినంక ముకద్దం పెండ్లాం కత్తి కింద పెట్టి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. ఎండాకుల మీద రెండు పిల్లలు. ఒంటినిండ మచ్చలు. ఒకటి ఆవులించింది. ఎవ్వలు తాకలె. గా జాగ ఇడిసిపెట్టి అందరం ఎనుకకు వచ్చినం.

తెల్లారి నేను, రాజనర్సు మీ వాళ్ల జీపుల కూసొని దూరంకెంచి సూసినం. తల్లి వచ్చింది. ఒకదాన్ని మెడకాడ పట్టుకొని గుట్ట దిక్కు పోయింది. శానసేపటికి మల్ల వచ్చి రెండోదాన్ని తీస్కపోయింది. రాజనర్సు నా చెయ్యి గట్టిగ పట్టుకున్నడు. ఇడిసినంక సూస్తే వేళ్లు అచ్చు పడ్డయి.

ఇగ ఒక్క మాట. గిది పంచాయితీల చెప్పలె.

గా పొద్దు నేను కొలిచింది ఒక్క అడుగు గాదు, రెండు. ఒకటి గట్టి మట్టిల, చిన్నది, సాఫ్‌గ ఉన్నది. ఇంకొకటి తడిల, పెద్దది, ఒకదాని మీద ఒకటి పడ్డట్టున్నది. రెండు దారాలు కత్తిరించిన. 'ఒక్క పెద్దపులి, అంతే బాపూ' అని నువ్వు రాసింది అప్పటికే నాలుగుసార్లు సదివి ఉన్న. చెయ్యి పెద్ద దారం మీదికే పోయింది. నీతోని అబద్ధం ఆడాలని గాదు బిడ్డా. నీకు పులి దొరకాలని.

గా తప్పు నువ్వొక్కదానివే ఎందుకు మోస్తవు? మీ సార్‌కు గిది సుత రాయి. నా పేరు పెట్టి రాయి, సంతకం నేను చేస్త. నువ్వు నేర్పిందే గదా.

చిన్న దారం ఇన్ని దినాలు అవ్వ సూదిపెట్టెలనే ఉండె. గీ కాయితంల పెడుతున్న. స్కేలు మీద పెట్టు. ఎంతుంటే గంతే రాసుకో.

నీ బాపు
భీమన్న