పసుపు పెట్టిన పానా

నిజామాబాద్,
10 నవంబరు 1992.

చి. సౌ. గోదావరికి బాపు దీవించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం అలవాటు. ఇంట్లో ఉన్నది నేనొక్కడినే. క్షేమంగానే ఉన్నాను. ముప్కాల్‌లో నువ్వూ అల్లుడు దేవిదాసూ బాగున్నారని తలుస్తాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. కాలేజీకి వెళ్తున్నాను. పక్కింటి సుమిత్రమ్మ రోజూ రెండు జొన్నరొట్టెలు పంపుతున్నది, వద్దంటే వినదు. మీ అమ్మ చీరలు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఇస్తాను.

ఇక పెట్టె సంగతి. మీ తాత తుకారాం బోధన్ షెడ్డులో చెరకు లారీలు బాగుచేసిన పనిముట్ల పెట్టెను మీ మామ రామ్‌దాస్ దసరా తర్వాత ఇక్కడికి పంపాడు. మన జీపులోని సామాను కూడా అందులోనే వేశాడు. దేవిదాస్ పెట్టిన ట్రాక్టర్ల షెడ్డుకు పనికొస్తాయి, ఏది ఏమిటో పేర్లు రాసి పంపమన్నావు. ఆ పేర్లు తెలిసిన మనిషి మీ అమ్మ. నాకు తెలిసింది చరిత్ర పాఠాలు. అయినా అట్టముక్కలు కోసి, పేర్లు రాసి, దారంతో కట్టడం మొదలుపెట్టాను.

మొత్తం ముప్పై ఎనిమిది వస్తువులు. చక్రాల నట్లు బిగించే పానాలు రెండున్నాయి. ఒకే కొలత. ఒకదాని పిడి మీద కుంకుమ మరక, రెండోదాని మీద పసుపు. దసరా పూజలో పెట్టిన బొట్లు అనుకున్నాను. రెండింటికీ ‘చక్రాల పానా’ అని చీటీ కట్టాను.

తెల్లవారి చూస్తే పసుపు పానా చీటీ ఊడి పక్కన పడి ఉంది. మళ్లీ కట్టాను. మర్నాడూ అంతే. మూడు ముళ్లు వేశాను. దారం తెగలేదు, ఎలుక కొరకలేదు. మెలి మొత్తం విడిపోయి, పేనకముందటి నూలులా పొడుగ్గా పడి ఉంది. ఎవరో ఓపికగా వెనక్కి తిప్పి తిప్పి విప్పినట్లు. నేను ఎంత గట్టిగా కడితే అంత శుభ్రంగా ఊడేది. కిరోసిన్ గుడ్డతో పసుపు తుడిచేశాను. పొద్దున పట్టుకుంటే అరచేయి తడిగా, పచ్చగా అయింది. పసుపు కొమ్ములు ఉడకబెట్టేటప్పటి వాసన. అది నీకు తెలిసిన వాసనే. సబ్బుతో కడుక్కున్నాను. ఆ రోజు క్లాసులో సుద్దముక్క కూడా పచ్చబడింది.

తొమ్మిది రోజులు ఇలాగే జరిగింది. పదో రోజు బోధన్ వెళ్లి లింగాన్ని తీసుకొచ్చాను.

ఏ లింగమని అడుగుతావు. మీ తాత దగ్గర పని నేర్చి, మన జీపును చివరిసారి బాగుచేసిన లింగం మేస్త్రీయే. మీ అమ్మను వాకిట్లో పడుకోబెట్టి ఉండగా, “నట్లు బిగియ్యకుండ పంపినవు, నీ చేతులు పడిపోను” అని నువ్వు ఎవరినన్నావో ఆ మనిషి. ఆ మాట తర్వాత అతని దగ్గరికి బండ్లు రావడం మానేశాయి. వానాకాలంలో పక్షవాతం వచ్చింది. కుడిచేతి వేళ్లు మూసుకోవు. నీకు ఈ సంగతి రాయలేదు.

వసారాలో కూర్చుని ఎడమచేత్తో ఒక్కొక్కటే తీసి చెప్పాడు.

“సారూ, గిదేంది, ‘రేకుల గుత్తి’ అని రాసిండ్రు? గిది ఫీలర్ గేజి. ఇంజన్ల సందు ఎంతున్నదో కొలుస్తది. పోరగాళ్లకు రాజుల పేర్లన్ని చెప్తరు, గీ పేరు తెల్వదా?”

“నీకు అక్బరు కొడుకు పేరు తెలుసా?”

“ఆయనకు లారీ ఉండెనా సార్?”

చాలా రోజులకు నవ్వాను. అప్పుడే అతని చేతికి పసుపు పానా వచ్చింది.

“గిది ఎడమ దిక్కు చక్రాలది. మన జీపుకు ఎడమ దిక్కు నట్లన్ని ఉల్టా ఉంటయి సార్. ఎడమకు తిప్పితె బిగుస్తయి, కుడికి తిప్పితె ఊడుతయి. మరువకుండ ఉండాలని తుకారాం ఉస్తాదు దసరాకు గీ పానాకు పసుపు పెట్టేటోడు, కుడి దిక్కు దానికి కుంకుమ. చెయ్యి పచ్చగైతే ఉల్టా తిప్పాలె. ఉస్తాదు బిడ్డ గంగమణక్కకు అయిదేండ్లప్పుడే ఎరుక.”

గోదావరీ, తొమ్మిది నెలలుగా నీకు చెప్పనిది ఇది. ఆ రోజు రుద్రూర్ పెళ్లికి బయలుదేరే ముందు నాలుగు చక్రాల నట్లూ నేనే బిగించాను. మీ అమ్మ పానాలు రెండూ తెచ్చి, “ఎడమ దిక్కుకు ఇది” అని పసుపుది విడిగా పెట్టింది. రెండూ ఒకే కొలత కదా అన్నాను. నవ్వి, ఇంటికి తాళం వేయడానికి వెళ్లింది. నాకు తెలుసునని అనుకుంది. కుడివైపు నట్లు కదలలేదు. ఎడమవైపువి ఒక్కొక్కటే కిర్రుమని సగం చుట్టు తిరిగాయి. లింగం వదులుగా వదిలేశాడు, నేను చూశాను కనుక సరిపోయింది అనుకున్నాను.

చెరకు తోటల పక్కన ఒక చక్రం మాకంటే ముందు దొర్లుకుంటూ పోయింది. మొదట చూసింది మీ అమ్మే. “అగో, ఎవరిదో చక్రం పోతున్నది” అన్నది. ఆమె చివరి మాట అదే.

నేను బిగించినా ఊడిందంటే తప్పు లింగానిదేనని నాకు నేను చెప్పుకున్నాను. కానీ పానా పట్టానని ఎవరితోనూ అనలేదు. నువ్వు అతన్ని తిడుతుంటే పక్కనే నిలబడి ఉన్నాను.

“లింగం, ఆ పొద్దు బిగించింది నేను” అన్నాను.

“ఎరికే సార్.”

అతనే చెప్పాడు. “జీపు కాడికి పోయి చూసిన. ఎడమ దిక్కు ఎనక చక్రం సుత లూజున్నది. కుడి దిక్కు రెండు గట్టిగున్నయి. తెల్వనోడు పట్టిండని గప్పుడే సమజైంది.”

“మరి ఎందుకు చెప్పలేదు?”

“పిల్లకు తల్లి పోయె. బాపు సుత పోవాల్నా?”

అతను వెళ్లాక పాత చీటీ చించి కొత్తది రాశాను. ‘ఎడమ చక్రాల పానా. ఎడమకు తిప్పితే బిగుస్తుంది. తెలియక కుడికి తిప్పినవాడు రాజారాం, గంగమణి భర్త.’ ఒకే ముడి వేశాను. నాలుగు రోజులైంది, ఊడలేదు. అరచేతి పచ్చదనం మాత్రం పోలేదు.

ముప్పై ఏడు వస్తువులు బస్సులో వేస్తున్నాను. ముప్పై ఎనిమిదోది లింగానిది. రేపు బోధన్ వెళ్లి, షెడ్డు ముందు నలుగురు వింటుండగా ఆ చీటీ చదివి అతనికి ఇస్తాను. నా పని అంతవరకే. శాపం పెట్టినవాళ్లే ఆ ఇంటికి వెళ్లి, వాళ్ల నీళ్లు తాగి, అన్న మాట వెనక్కి తీసుకోవాలని మీ అమ్మ అనేది. నేను అలాంటివి నమ్మేవాణ్ని కాదు. ఆదివారం నువ్వు లింగం ఇంటికి వెళ్లు.

అటునుంచి ఇక్కడికి వస్తావో, తిన్నగా ముప్కాల్ పోతావో నీ ఇష్టం. నేనేమీ అనను. ఆదివారం నాలుగు రొట్టెలు పంపమని సుమిత్రమ్మకు చెప్పి ఉంచాను.

ఇట్లు,
మీ బాపు