ఏడు గంటలకు తెరవాల్సిన తలుపు

పార్వతీ,

ఈ రోజు మన ఊరి అంగన్‌వాడీకి సూపర్‌వైజర్ వచ్చారు. నీవు పోయాక నీ టీచర్ ఉద్యోగంలో ఇంకా ఎవరినీ వేయలేదు. మందస నుంచి ఇన్‌చార్జి టీచర్ తొమ్మిదిన్నర బస్సుకు వచ్చి తాళం తీస్తోంది. జీడిపప్పు ఒలిచే తల్లులు ఏడింటికే పలాస ఆటో ఎక్కుతారు కనుక పిల్లలను వెంట తీసుకుపోతున్నారు. డయాలసిస్ రోజుల్లో కూడా నీవు ముందు ఈ తలుపు తీసి, ఆ తరువాతే నాతో ఆసుపత్రి బస్సెక్కేదానివి.

హాజరు పట్టిక గీసిపెట్టడానికి ఎప్పటిలాగే నేనూ అక్కడే ఉన్నాను. సూపర్‌వైజర్ దాన్ని చూసి, "ఈ నలుగురి కోసం కేంద్రమెందుకు? పక్క ఊళ్లో కలిపేయమని రాస్తాను" అన్నారు. పక్క ఊరికి హైవే దాటాలి. నేను ఆ మాట అనేలోగా ఆయా నీలమ్మ గుడ్ల గిన్నె దించి వచ్చింది.

"ఏడింటికి ఆటో ఎల్లిపోద్దమ్మా. మీ తాళం తొమ్మిదిన్నరకి బస్సు దిగుతాది. అందాకా పిల్లల్ని గోడకి సేరేసి పోతారేటి?"

"మరి ఏడింటికి ఎవరు తీస్తారు?"

"నాను తీత్తాను."

సూపర్‌వైజర్ పట్టిక పక్కన పెట్టారు. "రేపు ఏడింటికి వస్తాను. పిల్లలుంటే సరే, లేకపోతే రాసేస్తాను."

సాయంత్రం నీలమ్మ ఇంటింటికీ తిరిగింది. కొందరు తల్లులు సరేనన్నారు, కొందరు "సూద్దాంలే" అన్నారు. ఎందరు వస్తారో తెలియదు. నీ దగ్గరుండే రెండో తాళంచెవిని ఇన్నాళ్లూ ఎవరికీ ఇవ్వలేకపోయాను. ఇందాక దాన్ని తుడిచి నీలమ్మ చేతిలో పెట్టాను.