ఇప్పచెట్టు కింద గ్రామసభ

ఆదివారం రాత్రి, గంగారం

తప్పు నాదే. ఇప్పపూలు రాలే రోజుల్లో పొద్దున్నే గ్రామసభ కోసం ఇంటింటి ప్రచారానికి బయల్దేరాను. వాకిళ్లలో కోళ్లు తప్ప ఎవరూ లేరు. ఊరంతా తెల్లారకముందే పూలేరడానికి అడవికి వెళ్లిపోయింది.

ఎల్లుండే గ్రామసభ. ఈ అడవి మీద హక్కు మాదేనని ఆదివాసులు చేతులెత్తాలి. సగం మంది రాకపోతే సభే చెల్లదు. మరి నేను పెట్టించిన టైము పొద్దున తొమ్మిది!

వెతుక్కుంటూ అడవిలోకే నడిచాను. ఊరి పెద్దావిడ ముత్తవ్వ, అడవిలో తమ ఇంటి వంతుకొచ్చిన ఇప్పచెట్టు కింద వంగి పూలేరుతోంది. కరపత్రం ఇవ్వబోతే నా చేతిలో బుట్ట పెట్టింది.

"ఏరుకుంట చెప్పు బిడ్డా, వింట."

ఏరుతూనే చెప్పాను. పక్క చెట్ల వాళ్లూ చుట్టూ చేరారు.

"గా సభేందో గీడనే పెట్టుర్రి. పూలిడిసి మేం రాం," అంది ముత్తవ్వ.

"సార్లు ఇంత దూరం నడుస్తరా అవ్వా?"

"అడివి మీద హక్కు అడివిల అడగక, కుర్చీల నడుమ అడుగుతమా?"

అందరం ఒకటే నవ్వు. అక్కణ్నుంచే సభకు రావాల్సిన మండలాఫీసు సారుకు ఫోన్ చేసి చోటు మార్చమంటే "చూద్దాం" అన్నాడు. ఆ "చూద్దాం" దగ్గరే నాకు గుబులు.

ముత్తవ్వకు అదేం లేదు. బయల్దేరుతుంటే నా బుట్టలోకి తొంగిచూసింది.

"సగం ఆకులే ఏరినవ్. ఎల్లుండి సభకు జర జల్దీ రా, ఏరుడు నేర్పుత."